కుక్కపిల్ల కోసం ఇన్ని ప్రశ్నలా?

రంగూన్‌లో మా మింగళ తౌంగ్‌న్యున్ నుంచి బాబాయి ఒకాయన వీధికుక్కల షెల్టర్‌కి వెళ్లి విసుక్కుంటూ వచ్చాడు. ఇంటికి గేటుందా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా, రేబిస్ టీకా మానరు కదా... "పెళ్లిసంబంధానికి కూడా ఇన్ని అడగరమ్మా!" అన్నాడు. అడగాల్సిందే బాబాయ్! వీధికుక్కల్ని తగ్గించడానికి విషం కలిపిన మాంసం పెట్టిన ఊరిది.

నాకైతే ఇంకో ప్రశ్న కూడా ఉండాలనిపించింది: ఏం తినిపిస్తారు? మన కూరల్లోనూ బర్మా కూరల్లోనూ ఉల్లి, వెల్లుల్లి లేకుండా గడవదు. అవి కుక్కల ఎర్రరక్తకణాల్ని దెబ్బతీస్తాయి. పోనీ ప్యాకెట్ తిండి కొందామా అంటే, 2007లో అమెరికాలో మెలమైన్ కలిసిన తిండి తిని కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2020 చివర్లో బూజువిషం, అదే అఫ్లాటాక్సిన్, ఉన్న తిండి పదుల కుక్కల్ని చంపింది. అది ఫ్యాక్టరీ సంగతి. మే నుంచి అక్టోబర్ దాకా వానలు కురిసే ఈ ఊళ్లో, విప్పిన సంచికి ఇంట్లోనే బూజు పడుతుంది.

తిండిని సంచితో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి. కంపెనీ వెనక్కి రప్పిస్తే చూసుకోవడానికి బ్యాచ్ నంబర్ ఆ సంచి మీదే ఉంటుంది. ముక్కిన వాసన వస్తే, ఖరీదు చూడకుండా పారేయండి.