వంగే వస్తువుకు వ్యాకరణం

తెలుగు పండితునికి మోటారు వాహనాల లెక్కలతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చును. ఈ పని నేను వెతుక్కున్నది కాదు, మా అమ్మాయి తెచ్చిపెట్టినది. ఆమె పూణేలో వాహనాల రూపకల్పన చేసే ఒక సంస్థలో ఇంజనీరు. ఆమె వద్దకు శిక్షణకు వచ్చే డిప్లొమా కుర్రవాళ్ళలో కొందరు మన జిల్లాలవారు, పదవ తరగతి దాకా తెలుగులో చదివినవారు. "నాన్నగారూ, ఏ మీట తరువాత ఏది నొక్కాలో చెబితే చక్కగా నొక్కుతారు. అర్థమైందా అంటే తల ఊపుతారు. ఆ ఊపు సంగతి మీకు తెలుసు కదా" అన్నది. ముప్పై నాలుగేళ్ళు తరగతి గదిలో చూసిన ఊపు, తెలియకేమి! వారికోసం పది పుటల తెలుగు పాఠం వ్రాస్తున్నాననీ, మాటలు సమకూర్చి పెట్టమనీ అడిగింది. మాట కట్టాలంటే ముందు విషయం తెలియాలి. మూడు వారాలపాటు సాయంత్రం పూట ఫోనులో ఆమె గురువు, నేను శిష్యుణ్ణి.

కారు చక్రాన్ని చట్రంతో కలిపే లోహపు చేయి ఒకటి ఉంటుంది. కంట్రోల్ ఆర్మ్ అంటారు. దానిని లెక్కలో పరిశీలించే దారులు రెండు. మొదటిది ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి. ఈ పేరు 1960లో రే క్లఫ్ అనే ఆచార్యుడు పెట్టినది. చేయిని లక్షల చిన్న తునకలుగా ఊహించి, తునకలు కలిసే ప్రతి బిందువు ఎంత కదలునో, ఎక్కడ ఎంత ప్రతిబలం కలుగునో గణిస్తారు. ఆ బిందువును 'నోడ్' అంటారు. నేను 'కణుపు' అన్నాను. చెరకు తోట ఎరిగిన పిల్లలకు వేరే వివరణ అక్కరలేదు. రెండవది మల్టీబాడీ డైనమిక్స్. ఆడమ్స్ వంటి సాఫ్ట్‌వేర్లు చేసేది ఇదే. ఇక్కడ చేయి ఒక్కటే కాదు, చక్రం, స్ప్రింగు, స్టీరింగు అన్నీ కలిసి గతుకుల దారిలో క్షణక్షణానికి ఎట్లు కదలునో చూస్తారు. అయితే సాధారణంగా ప్రతి భాగాన్నీ వంగని దృఢ వస్తువుగానే తలుస్తారు.

వంగేదానిని వంగదని తలిస్తే ఏమవుతుంది? 1958లో అమెరికా ప్రయోగించిన తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 చెప్పిన సమాధానం ఉన్నది. సన్నగా పొడవుగా ఉన్న ఆ ఉపగ్రహం తన పొడవు అక్షం చుట్టూ బొంగరంవలె తిరుగుతూ ఉండాలి. దృఢ వస్తువైతే అట్లే తిరిగేది. కాని దానికి నాలుగు మెత్తని తీగల యాంటెనాలు ఉన్నవి. అవి ఊగి ఊగి శక్తిని కొంచెం కొంచెంగా హరించినవి. కోణీయ ద్రవ్యవేగం మారదు, శక్తి తరుగుతున్నది. కొద్ది గంటలలోనే ఉపగ్రహం పల్టీలు కొట్టసాగింది. నాలుగు తీగల మెత్తదనం మొత్తం వస్తువు నడకనే మార్చివేసింది.

కనుక వంగే గుణాన్ని మొదటి లెక్కనుండి రెండవ లెక్కకు చేరవేయాలి. చిక్కంతా ఇక్కడే. చేయిలో లక్ష కణుపులు, ఒక్కొక్కటి మూడు దిక్కుల కదలగలదు అనుకుందాం. మూడు లక్షల అవ్యక్తరాశులు. వాటిని క్షణక్షణానికీ సాధిస్తూ కూర్చుంటే మొత్తం వాహనం లెక్క ఎన్నటికి తెమలును? 1968లో రాయ్ క్రెయిగ్, మెర్విన్ బాంప్టన్ అనే ఇద్దరు సులువైన సంక్షేప మార్గం చూపినారు. ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే.

అమ్మాయి వివరించగానే నాకు సంధి గుర్తుకు వచ్చింది. 'వాడు', 'ఎక్కడ' కలిసి 'వాడెక్కడ' అయినప్పుడు మార్పు కలిసే చోటనే. పక్కపదానికి ఈ పదంలో కనిపించేది దాని అంచు మాత్రమే. చేయి కూడా ఇతర భాగాలను మూడు చోట్లనే తాకుతుంది అనుకుందాం. చోటుకు ఆరు స్వేచ్ఛలు, మూడు జరుగుటలు, మూడు తిరుగుటలు. ఈ పద్దెనిమిదింటిలో ఒక్కొక్కదానినే ఒక ప్రమాణం కదిలించి, తక్కినవన్నీ బిగించి, చేయి ఏ రూపంలో వంగునో చూస్తారు. అవి పద్దెనిమిది రూపాలు. తరువాత సంధిస్థానాలన్నిటినీ బిగించి, లోపలి భాగం తనంతట తాను కంపించే రూపాలలో కొన్నింటిని, ఇరవై అనుకుందాం, తీసుకుంటారు. మొత్తం ముప్పై ఎనిమిది. మూడు లక్షల రాశుల కదలికను ఇన్ని రూపాల పాళ్ళతో చెప్పగలుగుతారు.

ఇది మనకు కొత్త కాదు. పాణిని అచ్చులన్నిటినీ 'అచ్' అనే ఒక్క సంజ్ఞలో ఇమిడ్చాడు. కావలసినప్పుడు విప్పుకొనవచ్చును. ఇక్కడా అంతే. లెక్క ముగిసిన పిదప ఆ పాళ్ళను తిరిగి విప్పి, ఏ మూల ఎంత ప్రతిబలం పుట్టినదో తెలుసుకుంటారు. కాని ఒక భేదం ఉన్నది. 'అచ్' విప్పితే ఒక్క అక్షరమూ పోదు. ఈ సంక్షేపంలో విడిచిన కంపన రూపం తిరిగి రాదు.

ఇంకొక చమత్కారం. ఆ ముప్పై ఎనిమిదింటిలో ఆరు, చేయి వంగకుండా మొత్తంగా కదిలే రూపాలతో సమానం. ఆ కదలికను రెండవ సాఫ్ట్‌వేరు ముందే తనంతట లెక్కిస్తుంది. ఉంచితే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్లవుతుంది. కనుక రూపాలను తిరిగి పొందికచేసి ఆ ఆరింటినీ తొలగిస్తారు. 'పునరుక్తి దోషం' అన్నాను. అమ్మాయి పకపకా నవ్వి అదే పాఠంలో వ్రాసుకున్నది.

చేరవేసిన తరువాత సరిచూడవలసినవి ద్రవ్యరాశి, ద్రవ్యరాశి కేంద్రం, జడత్వ భ్రామకాలు, మొదటి కొన్ని సహజ పౌనఃపున్యాలు. ఒకచోట టన్నులు, మరొకచోట కిలోలు వాడితే నాలుగు కిలోల చేయి నాలుగువేల కిలోలై కూర్చుంటుంది. తెర మీద బొమ్మ మాత్రం ముచ్చటగానే కదులుతుంది! ఈ పద్ధతి కొద్దిపాటి వంపులకే చెల్లుతుందనీ, బాగా సాగే రబ్బరుకు ఇది చాలదనీ కూడా పాఠంలో చేర్చినది.

పాఠం చెప్పిన రోజున వెనుక కూర్చున్న ఒక కుర్రవాడు తెలుగులో అడిగాడట: "మేడమ్, ఇరవయ్యే ఎందుకు? ఇరవై ఒకటోది వదిలేస్తే ఏమౌద్ది?" ఏడాదిగా తల ఊపిన పిల్లవాడు! అతని ప్రశ్నలోనే శాస్త్రమంతా ఉన్నది. దారి కుదుపులు ఏ పౌనఃపున్యం వరకు ముఖ్యమో ముందు తెలుసుకోవాలి. సుమారు దానికి రెట్టింపు వరకు ఉన్న రూపాలు ఉంచుకోవడం వాడుక. అవసరమైనది వదిలితే లెక్కలో పగలని చేయి దారి మీద పగులుతుంది. ఆ కారులో ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. మీట నొక్కడం తెలిసినవానికి ఈ భయం ఉండదు. అర్థం తెలిసినవానికే ఉంటుంది. ఆ భయం కలగడానికి అతనికి తన భాషలో నాలుగు మాటలు కావలసివచ్చినవి.

మిత్రులారా, కణుపు, సంధిస్థానం, కంపన రూపం, సంక్షేపం, పునరుక్తి. ఇవీ ఇప్పటికి కుదిరిన మాటలు. 'ఫ్లెక్సిబుల్ బాడీ'కి 'నమ్య వస్తువు' అన్నాను కాని పిల్లల నోట పలకడం లేదట. 'వంగే వస్తువు' అనే అంటున్నారు. నాకూ అదే బాగున్నది. ఇంతకంటె మంచి మాట మీకు తోచితే దయచేసి తెలియజేయండి. పాఠం రెండవ ప్రతి ఇంకా దిద్దుతున్నాము.