శంషాబాదు చలి

పిల్లలూ, పుష్యమాసంలో తెల్లవారేసరికి శంషాబాదు విమానాశ్రయం చుట్టూ ఒక్కొక్కనాడు పొగమంచు తెరలాగా కమ్ముకుంటుంది. అది మరీ దట్టమయితే విమానాలు దిగలేక వేరే వూరికి పోవలసి వస్తుంది.

"ఇంత చలి ఎన్నడూ ఎరగం!" అంటారు జనం. నిజమేనా? దానికి లెక్క చూడాలి.

హైదరాబాదు చలికి పాత లెక్క బేగంపేటలో వున్నది. ఇలాంటి చోట్ల థర్మామీటర్లను ఎండ తగలకుండా, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున వుంచుతారు. 1946 జనవరి 8న బేగంపేటలో 6.1 డిగ్రీల సెంటిగ్రేడు నమోదయింది. నీరు గడ్డకట్టేది 0 డిగ్రీల వద్ద గదా! అంత చలిలో కూడా హైదరాబాదులో హిమం కురిసే మాట లేదు.

మరి శంషాబాదు చలిని ఆ అంకెతో పోల్చవచ్చునా? అది సరికాదు. శంషాబాదు బేగంపేటకన్న సుమారు 80 మీటర్లు ఎత్తు. పైగా అక్కడ బయలు ఎక్కువ. నేల వేడి రాత్రి త్వరగా ఆకాశానికి పోతుంది. నగరంలోనో, గోడలూ రోడ్లూ పగటి వేడిని దాచుకుని రాత్రంతా మెల్లగా వదులుతాయి. అందుచేత ఏ చోటి చలిని ఆ చోటి పాత లెక్కతోనే పోల్చాలి. శంషాబాదు విమానాశ్రయం తెరిచినది 2008లో. దాని లెక్క ఇంకా చిన్నది.

మీరూ ఒక థర్మామీటరును నీడన, ఎప్పుడూ ఒకే చోట వుంచి, రోజూ ఒకే వేళకు చూచి పుస్తకంలో రాయండి. వచ్చే ఏడు ఎవరైనా "ఇంత చలి ఎరగం" అంటే, ఆ పుస్తకం తీసి చూపవచ్చు!