గుర్రం తిన్నాకే

నిద్రపట్టని రాత్రుల్లో ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు చదవడం నాకొక అలవాటు. కొనే ఉద్దేశంతో కాదు. మేముండేది ఉత్తర వర్జీనియాలో, యాష్‌బర్న్‌లో, డేటా సెంటర్ల మధ్య ఇరుక్కున్న ఒక టౌన్‌హౌస్‌లో. అరగంట పడమటికి కారు నడిపితే లోకం మారిపోతుంది. మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్, వాటి చుట్టూ పచ్చటి మిట్టలు, నల్లరంగు వేసిన నాలుగు పలకల కంచెలు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు. ఇక్కడివాళ్ళు దీన్ని 'హంట్ కంట్రీ' అంటారు. గుర్రాల మీద నక్కల వేటకి పేరుపడ్డ నేల. పీడ్‌మాంట్ వేట బృందం 1840 నుంచీ ఉంది. అప్పర్‌విల్ గుర్రాల ప్రదర్శన 1853లో మొదలైంది. మా ఆఫీసులో సగంమందికి ఆ రోడ్డు వైనరీలకి వెళ్ళే దారిగానే తెలుసు.

ఈ మధ్య నన్ను రెండు వారాలు వదలకుండా పట్టుకున్నది ఆ వైపున్న ఒక ఇల్లు. 1820ల నాటి ఇటుక కట్టడం, 90 ఎకరాలు, 12 గుర్రాలకి సరిపడే శాల, జీన్లూ కళ్ళేలూ పెట్టుకునే గది, గుర్రాలకి వేడినీళ్ళ స్నానం, ఇసక పరిచిన స్వారీ మైదానం. ధర నాలుగు మిలియన్ డాలర్ల పైమాటే. "కొనేది లేదు పెట్టేది లేదు, పొద్దున మీటింగుందన్నావుగా" అంటుంది నా భార్య అటు తిరిగి పడుకుంటూ.

పుస్తకాల మీద ఏవో నాలుగు ముక్కలు రాసే అలవాటుండటం వల్ల ప్రకటనని కూడా అలాగే చదువుతాను. నలభై ఆరు ఫొటోలు. గుర్రాలున్నాయి, కుక్క ఉంది, ఒక్క మనిషి లేడు. ఇల్లు 'కట్టబడింది', ఆ తర్వాత 'ప్రేమగా పునరుద్ధరించబడింది'. ఎవరు కట్టారు? ఇంగ్లీషులో యజమాని పేరు పెట్టి ఫలానాయన కట్టాడు అని రాసినా ఎవరూ తప్పుపట్టరు. తెలుగులో ఒక చిన్న చిక్కుంది. గడీని దొర కట్టాడు అనం, కట్టించాడు అంటాం. ఆ 'ఇంచు' దగ్గర ఇంకెవరివో చేతులున్నాయని భాషే ఒప్పుకుంటుంది. వాళ్ళ పేర్లు చెప్పదు, అది వేరే సంగతి.

ప్రకటనలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. పెద్దింటికి ఎడంగా ఉండే వంటిల్లు, మాంసం పొగబెట్టి నిలవచేసే గది, ఊట మీద కట్టిన పాలగది, ఇలాంటివన్నీ కలిపి ఇక్కడ 'డిపెండెన్సీలు' అంటారు. పెద్దింటి మీద ఆధారపడినవి అని అర్థం. నా ఉద్యోగంలో ఈ మాట సరిగ్గా తలకిందులు. మా ప్రోగ్రాం దేనిమీద ఆధారపడి నడుస్తుందో అది డిపెండెన్సీ. దాన్ని తీసేస్తే మనది లేవదు. ఎవరో ఎక్కడో రాసిన పది లైన్ల లైబ్రరీ పోయి రాత్రి రెండింటికి సైట్లు పడిపోయినప్పుడు గానీ అది ఉందన్న సంగతి ఎవరికీ గుర్తురాదు. ఆ ఇళ్ళ విషయంలో మావాళ్ళ వాడుకే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

ఈ ప్రకటనలో 'అతిథి గృహం' అని ఒకటుంది. చిన్న రాతి ఇల్లు, మధ్యలో ఒకటే చిమ్నీ, ముందువైపు రెండు తలుపులు. ఈ చుట్టుపక్కల పాత తోటలు రెండు తిరిగొచ్చినవాళ్ళకి ఆ నమూనా చూడగానే అనుమానం వస్తుంది. ఒకే చిమ్నీకి అటొక బానిస కుటుంబం, ఇటొక బానిస కుటుంబం ఉండే ఇళ్ళు అచ్చం ఇలాగే ఉంటాయి.

లీస్‌బర్గ్‌కి దక్షిణంగా ఉన్న ఓట్లాండ్స్ చరిత్ర తెలుసుకున్నాక ఈ ప్రకటనలు మామూలుగా చదవలేకపోతున్నాను. రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 1791లో ఒక దస్తావేజు రాసి, 450 మందికి పైగా బానిసలని అంచెలంచెలుగా విడుదల చేసే ఏర్పాటు చేశాడు. ఆయన కొడుకు జార్జ్‌కి ఇది నచ్చలేదు. తండ్రి నుంచి వచ్చిన భూమిలో జార్జ్ 1804లో ఓట్లాండ్స్ భవనం మొదలుపెట్టించాడు. 1860 నాటికి అక్కడ 133 మంది బానిసలున్నారు. ఆ ఏడాది జనాభా లెక్కల్లో బానిసల పట్టీలు విడిగా ఉండేవి. యజమాని పేరుంటుంది. బానిసలకి వయసు, ఆడా మగా, రంగు లాంటివే ఉంటాయి. పేరనే కాలమే లేదు. ఖాళీగా వదిలేస్తే డేటా దొరకలేదనుకోవచ్చు. కాలమే పెట్టలేదంటే అది డిజైను.

అంతర్యుద్ధం తర్వాత కార్టర్లు దాన్ని నడపలేక, వేసవికి వాషింగ్టన్ నుంచి వచ్చేవాళ్ళకి గదులు అద్దెకిచ్చుకున్నారు. 1897లో 'వాషింగ్టన్ పోస్ట్' స్థాపకుడు స్టిల్సన్ హచిన్స్‌కి అమ్మేశారు. ఆయన అక్కడ కాపురమే పెట్టలేదు. 1903లో కొన్న యూస్టిస్ దంపతులు మాత్రం దానికి మళ్ళీ ప్రాణం పోశారు. ఆయనకి గుర్రాలూ వేటా, ఆమెకి తోట. 1965లో కూతుళ్ళు దాన్ని నేషనల్ ట్రస్టుకి ఇచ్చేశారు. గుర్రాల వసతితో బాగుచేసిన పాత ఇల్లు అనే ఊహ ఇక్కడ అలా వందేళ్ళకి పైబడింది. అదే ఓట్లాండ్స్ నుంచి బయటపడ్డవాళ్ళు పక్కనే కొంచెం భూమి సంపాదించి గ్లీడ్స్‌విల్ అనే ఊరు కట్టుకున్నారు. కట్టించలేదు, కట్టుకున్నారు. పాత కాగితాల్లోంచి ఒక్కొక్క పేరూ వెతికి ఇప్పుడు ఓట్లాండ్స్‌లో జాబితా చేస్తున్నారు. అమ్మకానికున్న ఇళ్ళకి ఆ పని ఎవరు చేస్తారు?

మా తాతది జనగామ వైపు ఊరు. పన్నెండు పదమూడేళ్ళప్పుడు, అంటే 1948కి ముందు, దొర గుర్రాలకి గడ్డి కోసేవాడు. కూలీ లేదు, వెట్టి. "గుర్రం తిన్నంకనే మన కడుపు, బిడ్డా" అనేవాడు నాతో. కోపంగా కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు. విచిత్రమేమిటంటే ఆయనకి ఆ గుర్రమంటే చచ్చేంత ఇష్టం. దాని పేరు రాణి. ఎనభై ఏళ్ళప్పుడు కూడా దాని నుదుటి మీద మచ్చ ఎలా ఉండేదో వేలితో గీసి చూపించాడు. దొర పేరు మాత్రం ఆయన నోట ఎప్పుడూ వినలేదు. దొర అంటే దొర, అంతే.

ఇప్పుడు నా తొమ్మిదేళ్ళ కూతురు శనివారాలు ఆల్డీ దగ్గర స్వారీ నేర్చుకుంటోంది. క్లాసులో భాగంగా గుర్రపుశాల ఊడవాలి. లద్దె ఎత్తి బండిలో వేస్తూ "డాడీ, చూడు!" అని అరుస్తుంది. మా తాత ఉత్తపుణ్యానికి చేసిన పని చేయించడానికి నేను ఎదురు డబ్బులు కడుతున్నాను. నవ్వొస్తుంది, అంతలోనే ఆగిపోతుంది. అరటన్ను బరువుండే గుర్రం రోజుకి పది కిలోల ఎండుగడ్డి తింటుంది, ఇరవై కిలోల పైనే లద్దె వేస్తుంది. 12 గుర్రాలంటే రోజూ రెండున్నర క్వింటాళ్ళు. అది వారానికొక గంట వచ్చే పిల్లల వల్ల అయ్యే పని కాదు. అక్కడ ఆ పని చేసేది మెక్సికో నుంచి వచ్చిన ఒకాయన. వీసా హెచ్-2బి. నాది మొన్నమొన్నటిదాకా హెచ్-1బి. ఏడాదికి వాళ్ళ కోటా 66,000, మాది 85,000. కాగితాలు ఎప్పుడొస్తాయోనన్న బెంగ గురించి మేమిద్దరం వచ్చీరాని స్పానిష్‌లో, వచ్చీరాని ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకోగలం. ప్రకటనలో ఆ 12 గుర్రాల శాలని 'నిర్వహణ తేలిక' అన్నారు.

ఇంత చెప్పాక కూడా నాకా ఇల్లు కావాలి. పొద్దున్నే మంచులో కంచె పక్కన నడవాలనుంది. ఇలాంటి పాత ఎస్టేట్లు కొన్ని తమ భూమిని ఎప్పటికీ ముక్కలు చెయ్యమని రాసిచ్చాయి, పన్ను రాయితీ పుచ్చుకునే అనుకోండి. నా జీతం నడిపే డేటా సెంటర్లు అక్కడికి రాకుండా ఆపుతున్నవాటిలో ఆ కాగితాలొకటి. అందుకే బాగుచేయడాన్ని తిట్టలేను. దోమకొండ గడీని బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చినప్పుడు సంతోషించినవాణ్ణే. మా ఊరి గడీకి ఆ యోగం పట్టలేదు. గోడల్లో రావిచెట్లు మొలిచాయి, రాళ్ళు ఊరివాళ్ళు మోసుకెళ్ళారు. తాత ఇంటి గుమ్మం ముందు మెట్టు ఆ రాయే.

రెండు తలుపుల ఆ చిన్న ఇంట్లో మొదట ఎవరుండేవారో తెలుసా అని ఏజెంటుకి మెయిల్ పెట్టాను. మర్యాదస్తురాలు, మర్నాడే జవాబిచ్చింది. దానికి కొత్త పైకప్పు వేశారట, ఏసీ పెట్టారట, అద్దెకిస్తే మంచి ఆదాయమట. పాత కాగితాలు కొన్ని ఉన్నాయి గానీ అవి కొన్నవాళ్ళకే ఇస్తారట. చివర్లో మీకు ఎన్ని గుర్రాలున్నాయని అడిగింది.

ఒక్కటీ లేదని రాశాను.