పిలువని పేరంటము

దేవరకొండ, కల్వకుర్తి ప్రాంతములలో ఉపాధ్యాయుడనై యుండిన దినములలో ముసలి రైతుల చెంత కూర్చుండి మోటసేద్యపు మాటలను వ్రాసికొనుట నాకొక వ్యసనము. మోకు, గిరక, తొండము మొదలగునవి నాలుగు వందలకు పైగా చేరెను. బోరుబావులు వచ్చిన పిదప ఆ మాటలతో పని లేకపోయెను. చెప్పినవారిలో పెక్కురు నేడు లేరు. నా నోటుపుస్తకములు చెదలపాలగుచుండగా వానిని నల్లగొండలోని యింట కంప్యూటరుపై టైపుచేసి, భద్రమని తలచి పెన్‌డ్రైవులో మాత్రమే దాచితిని. పుస్తకములను పారవేసితిని. ఎంతటి తెలివి!

ఒకనాడు అచ్చు తీయించుటకై ఆ పెన్‌డ్రైవును ఒక దుకాణమునకు కొనిపోయితిని. ఇంటికి వచ్చి చూడగా ఫైళ్లు మాయమై, వాని పేళ్లతోనే షార్ట్‌కట్లు నిలిచి యుండెను. తెలియక ఒకదానిని నొక్కితిని. అది తెరచునది నా ఫైలును కాదు, వైరసును. క్షణములో అది పిలువని పేరంటమువలె కంప్యూటరులో ప్రవేశించెను.

"అన్నియు చెరిపి ఫార్మాటు చేయుడు" అని ఒకరు సలహా చెప్పిరి. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టుకొన్నట్లుండును గదా! అదృష్టవశమున నా పూర్వవిద్యార్థి యొకడు వచ్చెను.

"సారూ, ఫైళ్లు పోలేదు, వైరసు వానిని కనబడకుండ దాచినది" అనెను.

విండోసుతోపాటు వచ్చెడి డిఫెండరును అతడు తాజాపరచి, ఇంటర్నెట్టును ఆపి, ఆఫ్‌లైన్ స్కాన్ నడిపెను. విండోసు మేల్కొనకముందే జరుగు శోధన యది. వైరసు నిద్రలోనుండగనే పట్టువడును. పిదప పెన్‌డ్రైవును శోధించి, దాగిన ఫైళ్లను వెలికి తెచ్చెను.

నేను భయముచే రెండు యాంటీవైరసులు కొందుననగా అతడు నవ్వెను. ఒక ఒరలో రెండు కత్తులిమడవు. అవి ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటరును మందగింపజేయునట. పూణె వారి క్విక్ హీల్, చెన్నై వారి కె7 వంటివి వెలకు దొరకును. ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచిత సాధనములను ఇచ్చుచున్నది. మా యింటికి డిఫెండరే చాలునని నిశ్చయించితిని. అప్‌డేట్లను మాత్రము వాయిదా వేయను. 2017 మే నెలలో వన్నాక్రై దేశదేశముల కంప్యూటర్లకు తాళము వేసి డబ్బడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లును దాని వాతబడెను. దానిని ఆపగల అప్‌డేటు మార్చిలోనే వెలువడి యుండెను!

ఫైలు తెరచి మొదట 'మోకు' ఉన్నదా యని చూచితిని. ఉన్నది. ఆ రాత్రియే కంప్యూటరులో ఒక ప్రతి నుంచి, మరియొక ప్రతిని క్రొత్త నోటుపుస్తకములో స్వహస్తముతో వ్రాయ మొదలిడితిని.