దేశాంతరగత సోదరుల క్షేమవార్త

పందొమ్మిదవ శతాబ్దపు గోదావరీతీర అగ్రహారములలో, అన్నదమ్ములలో ఒకడు భూమిని, వృద్ధులైన తల్లిదండ్రులను కనిపెట్టుకొని యుండగా మరియొకడు శాస్త్రాధ్యయనమునకై కాశికో, సంస్థానాశ్రయమునకై విజయనగరమునకో తరలిపోవుట సామాన్యము. అట్లు వెడలినవాని క్షేమము ఇంటివారికి మమతావిషయము మాత్రమే కాదు. వారి కర్మానుష్ఠానము సైతము ఆ వార్తపై ఆధారపడి యుండెను.

దేశాంతరమున సపిండుడు గతించిన వార్త పదిదినములలోపల వినినచో మిగిలిన దినములే ఆశౌచము. పదిదినములు దాటిన పిదప వినిన మూడు రాత్రులు. సంవత్సరము దాటినచో స్నానముచేతనే శుద్ధి. మనుస్మృతి పంచమాధ్యాయము చెప్పిన వ్యవస్థ యిది. కాశినుండి కాలినడకన వచ్చు వార్త పదిదినములలో అందుట అసంభవము. అన్నగారు గతించి నెలలు గడచినను, ఎరుగని తమ్ముడు సంక్రాంతి జరుపుకొనుచునే యుండును. శాస్త్రము అతనిని దోషిగా ఎంచలేదు. ధర్మశాస్త్రమును కఠినమనువారు ఈ ఘట్టమును ఒకసారి పరిశీలింపవలెను.

అందుచేతనే గంగాకావడితో మరలివచ్చు యాత్రికుని చేతికిచ్చిన చీటిలో దుఃఖవాక్యములకంటె మాసము, పక్షము, తిథి ముఖ్యములు. తిథి తెలియనిచో ఆ మాసపు అమావాస్యనాడు శ్రాద్ధము పెట్టవలసి వచ్చును.

ఏ వార్తయు రానిచో? పండ్రెండు సంవత్సరములు ప్రతీక్షించి, 360 మోదుగాకు కాడలతో ప్రతికృతిని కూర్చి దహింపవలెనని విధి. అంతవరకు అతని భార్య సుమంగళియే. ఆ నిప్పు అంటించిన దినమున ఆమె పసుపుకుంకుమలు పోవును. ఆ నిర్ణయము తమ్మునిది. ఒకవేళ దహనానంతరము అన్నగారు సజీవుడై తిరిగివచ్చినచో, అతనిని ఘృతమున ముంచి, జాతకర్మాది సంస్కారములు మరల జరిపి, ఆ భార్యతోనే పునర్వివాహము చేయవలెనని నిబంధకారులు వ్రాసిరి. అట్టి సందర్భములు అరుదైనను సంభవించినవి కనుకనే ఆ విధి పుట్టినదని తలంపవచ్చును.

1854లో దూరముతో నిమిత్తము లేక పావుతులము ఉత్తరమునకు అర్ధణా రుసుము ఏర్పడినది. 1879లో పావు అణా కార్డు వచ్చినది. వార్త మాసములనుండి దినములకు దిగినది. త్రిరాత్రాశౌచము పట్టవలసిన యిండ్లలో ఇక దశాహశేషము పట్టవలసి వచ్చెను.

అత్తవారింటనున్న అక్కచెల్లెండ్ర సంగతి వేరు. వారిలో అధికులకు అక్షరజ్ఞానము లేదు. పుట్టింటి ఉత్తరమును మామగారో, భర్తయో, ఊరి కరణమో నలుగురి యెదుట చదివెడివారు. ప్రత్యుత్తరమును వారే వ్రాసెడివారు. ఎట్టి కష్టమున్నను అందు “ఉభయకుశలోపరి” అనియే యుండును. కార్డు వచ్చిన పిదప ఆ మరుగు సైతము పోయినది. దానిని దారిపొడుగున ఎవరైనను చదువవచ్చును.

కనుక కార్తిక శుద్ధ విదియనాటి భగినీహస్తభోజనము ఆ స్త్రీలకు కేవలము యముడు యమున యింట భుజించిన పురాణకథ కాదు. సోదరుడు స్వయముగా రావలెను, ఆమె చేతి వంట తినవలెను. అత్తవారు కాదనుటకు వీలులేని ఆచారమది. మారువడ్డన నెపమున విస్తరి చెంతకు రెండుమూడుమార్లు వచ్చి, ఉత్తరమున వ్రాయించలేని మాటను ఆమె అన్నగారి చెవిని మెల్లగా వేసెడిది.