నడకలో ఎక్కాలు

షోలాపూర్‌లో మన పద్మశాలీల పేటల్లో తెల్లవారకముందే సాంచాల చప్పుడు మొదలవుతుంది. డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. ఒక్కణ్ణే నడవలేక మా అన్న మనవణ్ణి వెంటేసుకున్నాను. వారం తిరక్కముందే గల్లీలోని మరో ఆరుగురు చేరారు. అందరూ రెండో తరగతి, మూడో తరగతి.

ఊరికే నడిపిస్తే అల్లరి చేస్తారు గనుక లెక్కలు పెట్టాను. టేపుతో పది మీటర్లు కొలిచి నడవమన్నాను, ఇరవై అడుగులయ్యాయి. మరి కిలోమీటరుకు? "రెండు వేలు తాతా!" అంది ఒక పిల్ల. ఎక్కాలు వాళ్లకు మరాఠీలోనే వచ్చు. నేను "రెండ్రెళ్లు" అంటే, వాళ్లు "బే దుణే చార్" అని అందుకుంటారు. ఆదివారాలు చార్ హుతాత్మా చౌక్ దాకా వెళ్లి, 1931 జనవరి 12న ఉరికంబమెక్కిన ధన్‌శెట్టి, శిందే, సార్డా, కుర్బాన్ హుసేన్‌ల పేర్లు చెప్పిస్తాను.

స్కాట్లాండులో 2012లో స్టెర్లింగ్‌లోని ఒక ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్ ఎలైన్ వైలీ, పిల్లలను రోజూ పదిహేను నిమిషాలు బయట పరుగెత్తించో నడిపించో చూసింది. ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. మన పెద్దలకు ఇందులో వింతేముంది? పడుగు పోసేటప్పుడు వీధిలో నాటిన కర్రల మధ్య అటూ ఇటూ నడుస్తూనే పోగులు లెక్కపెట్టేవారు.

ఇందాక చెప్పిన పిల్ల తల్లి బీడీలు చుడుతుంది. కట్టకు 25 బీడీలు, వెయ్యికి 40 కట్టలు. ఇరవై ఐదో ఎక్కం కావాలని ఆ పిల్లే అడిగింది. బడిలో అది ఇంకా రాలేదు. అడుగుకో కట్ట చొప్పున నాలుగు రోజులు నడిచాం, నలభయ్యో అడుక్కి వెయ్యి. తర్వాత ఒకనాడు తల్లి వెంట బీడీలు అప్పగించడానికి వెళ్లింది. బాగాలేవని ఆరు కట్టలు తీసేశారు. గుమాస్తా పుస్తకంలో 800 అని రాశాడు. "850 కదా" అందట ఈ పిల్ల. అతను మళ్లీ లెక్కపెట్టి దిద్దాడు. యాభై బీడీల కూలి ఎంతని నవ్వకండి. ఒక్క రూపాయి తేడా తేలక రాత్రి పదింటిదాకా బ్యాంకులో కూర్చున్నవాణ్ణి నేను.

ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ పిల్లలకు తెలుగు అక్షరం తెలియదు. ఇప్పుడు సుద్దముక్కతో గల్లీలో అడుగడుక్కీ ఒక అక్షరం రాస్తున్నాను, పక్కనే దాని మరాఠీ అక్షరం. పలుకుతూ దాటాలి. నిన్నటికి 'త' దాకా వచ్చాం. ఎండలు ముదిరేలోగా గుణింతాలు ఎత్తుకోవాలి.