ఖర్మా, కారణమా?

చాలా ఏళ్ళపాటు నేను సెలవు రోజుల్లో ఊళ్ళు తిరిగి బాబాల మహిమల గుట్టు విప్పి చూపించాను. పసుపునీళ్ళలో సున్నపుతేట పోస్తే "నెత్తురు" అవుతుంది. పెళ్ళిళ్ళలో కాళ్ళకు పెట్టే పారాణి అదే. అగ్గిపుల్ల లేకుండా హోమం రగలాలంటే, పొటాషియం పర్మాంగనేటు మీద నెయ్యి అని చెప్పి గ్లిజరిన్ పోస్తే చాలు. జనం ఆశ్చర్యపోయి, తరవాత నవ్వేవాళ్ళు. "ఖర్మ అంటూ ఏమీ లేదు, కారణమే ఉన్నది" అని ఉపన్యాసం ముగించేవాణ్ణి. ఆ మాటకు కట్టుబడటం ఎంత కష్టమో నాకు 2012లో తెలిసింది.

ఆ ఏడు నేను పాఠాలు చెప్పే బడిలో, సైన్సు దినోత్సవంనాడు, పింగాణీ గిన్నెల్లో లవణాలు వేసి, మెథనాల్ పోసి అంటించాను. ఆకుపచ్చ, ఎరుపు, పసుపు మంటలు లేచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక గిన్నెలో మంట ఆరిందనుకుని సీసా ఎత్తి మళ్ళీ పోశాను. అది ఆరలేదు. మంట ధార వెంట సీసాలోకి పాకి, మూతిలోంచి ముందు వరస మీదికి ఎగజిమ్మింది. ఎనిమిదో తరగతి పిల్ల చెయ్యి కాలింది.

ఆస్పత్రిలో ఆ పిల్ల తండ్రి, వ్యవసాయ కూలీ, నన్నే ఓదార్చాడు. "మీరేం చేస్తారు మేష్టారూ, దాని ఖర్మ అట్లా ఉంది" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి ఆ మాట నాకెంతో హాయిగా ఉన్నది. ఖర్మ సిద్ధాంతం బాధపడేవాడికి ఊరట అంటారు. బాధపెట్టినవాడికి అంతకన్నా పెద్ద ఊరట!

కాని కారణం దాక్కుని లేదు. మెథనాల్ 11 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే అంటుకోగల ఆవిరి విడుస్తుంది. మన ఎండల్లో గది గదంతా దానికి పొయ్యే. పట్టపగలు దాని మంట కంటికి సరిగా ఆనదు. 2006లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఇదే ప్రయోగంలో ఒక విద్యార్థిని ఘోరంగా కాలింది. ఆ కథతో అక్కడి రసాయన ప్రమాదాల విచారణ సంస్థ 2013 డిసెంబరులో ఒక చిత్రం విడుదల చేసింది. నెల తిరక్కుండా, 2014 జనవరిలో, న్యూయార్కు బడిలో మళ్ళీ అదే జరిగింది. ఇందరు పిల్లల ఖర్మ ఒకే సీసాలో ఎట్లా ఇమిడింది?

నాలుగు రోజుల తరవాత ఆ తండ్రికి చెప్పాను: "ఖర్మ కాదయ్యా, నా తప్పు. మండుతున్న గిన్నె దగ్గరికి సీసా తేకూడదు. పిల్లల్ని అంత దగ్గర కూచోబెట్టకూడదు." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "అయితే ఇంకో పిల్లకి కాకుండా చూడొచ్చన్నమాట" అన్నాడు. నా ఉపన్యాసాలన్నిటిలో ఆపాటి సైన్సు లేదు.

ఇప్పుడు పుల్లల్ని లవణాల నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కటే బర్నరు మంటలో పెట్టి చూపిస్తాను. రాగి లవణం ఆకుపచ్చగానే, స్ట్రాన్షియం ఎర్రగానే వెలుగుతాయి. ముందురోజు ఒకసారి చేసి చూసుకుంటాను. కళ్ళద్దాలు, అడ్డుతెర, పక్కన ఇసకబకెట్టు తప్పనిసరి. "చప్ప"గా ఉందనే మిత్రులున్నారు. ఫారడే 1860-61 క్రిస్మస్ ఉపన్యాసాల్లో పిల్లలకు కొవ్వొత్తినే పాఠంగా చెప్పాడు. అది చప్పనా?

బాబా కిటుకు దాస్తాడు. మనం కిటుకు చెప్పి అపాయం దాస్తే, సగం బాబాలమే. అందుకే గ్లిజరిన్ హోమం చూపించేటప్పుడు కిటుకుతోపాటు అపాయం కూడా చెబుతున్నాను. నా సీసా కథ కూడా చెబుతున్నాను. జనం ఇదివరకంత నవ్వటం లేదు. ప్రశ్నలు మాత్రం ఎక్కువ అడుగుతున్నారు.